పొంగే బిళ్ళ

చప్పిడి అన్నది ఆవిడ అసలు పేరు కాదు. అమ్మా నాన్నా ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉండేది. పెళ్ళయిన వారంలోనే అది మూలపడింది. కొత్త కాపురంలో మొదటిసారి వండిన కూరలో కంగారుకొద్దీ ఉప్పు వెయ్యడం మరిచిపోయింది, చేసిన పాపం అంతే. మొగుడు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, కంచం గోడకేసి కొట్టి, "ఏమే చప్పిడీ, మీ ఇంట్లో ఉప్పు కొనరా?" అన్నాడు. పక్కనే కూర్చున్న ఆయన అక్క పడీ పడీ నవ్వింది. గోడ మీది కూర మరక సున్నం వేస్తే పోయింది. పేరుకి సున్నం వేసే నాథుడు లేక అది అలాగే ఉండిపోయింది.

ఆయన తూనికలూ కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజారులో వ్యాపారులు ముందర నమస్కారాలు పెట్టి, వెనకాల తక్కెడ గారు అనేవాళ్ళు. తూకపు రాయి అరచేతిలో పెట్టుకుంటే చాలు, ఎంత అరిగిందో చెప్పేస్తాడని పేరు. ఆ విద్యకి ఆఫీసువాళ్ళు జీతమిచ్చారు. ఇంట్లో మాత్రం దాని ఖర్చంతా ఈవిడే భరించింది. వండేటప్పుడు రుచి చూడకూడదని ఆయన శాసనం. ఎంగిలి చేసిన వంట తలుచుకుంటేనే ఆయనకి కడుపులో తిప్పుతుందట. కాబట్టి ఉప్పు కంటి అంచనాతోనే పడాలి. తక్కువైతే కంచం ఎగిరేది, ఎక్కువైతే గ్లాసు ఎగిరేది. సరిపోయిన రోజున ఏదీ ఎగిరేది కాదు. మెచ్చుకోలు అంటే ఆ ఇంట్లో అదే.

అలా ముప్పై ఏళ్ళు గడిచాయి. పిల్లల్లేరు. రిటైరైన మర్నాడు కూడా ఆయన కంచం ముందు కూర్చుని చూపుడు వేలితో కూర తాకి, నాలిక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని తూచాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి, ఊపిరి బిగబట్టి, తీర్పు కోసం చూసింది. ఏం బతుకు అది, మీరే చెప్పండి.

తరవాత ఆయనకి గుండె జబ్బు వచ్చింది. డాక్టరు ఇద్దర్నీ కూర్చోబెట్టి అరటిపండు ఒలిచిపెట్టినట్టు చెప్పాడు. గుండె నీరసించిపోయింది, నీరు తోడలేకపోతోంది. ఒంట్లో ఉప్పు చేరితే నీరు చేరుతుంది, కాళ్ళు వాస్తాయి, ఆ నీరు పైకొస్తే ఊపిరాడదు. "ఉప్పు పూర్తిగా బంద్. రవ్వంత కూడా వద్దు. ఇక నుంచి చప్పిడి కూడే," అన్నాడు. చప్పిడి అన్న మాట వినగానే తక్కెడ గారు చటుక్కున పెళ్ళాం వంక చూశాడు. ఆవిడ బిక్కమొహం పెట్టుకుని తల వంచుకుంది. లోపల మాత్రం నవ్వుకుంది. నవ్వొస్తుంది మరి, మనిషన్నాక.

ఇంటికెళ్ళగానే ఉప్పు జాడీ తొట్టిలో బోర్లించి నీళ్ళు వదిలింది. ఆయనకి ఒక వంట, తనకి ఒక వంట చేసుకుందామనుకుంది గానీ ఆయన సాగనివ్వలేదు. "నేను గడ్డి తింటుంటే నువ్వు పక్కన కూచుని లొట్టలేస్తావా? నా కూడే నీ కూడు," అన్నాడు. సరేనంది. ఏడాది పైగా ఆ ఇంట్లోకి ఉప్పు రాయి రాలేదు. మొదట్లో ఆవిడకీ ముద్ద దిగేది కాదు, తరవాత అలవాటైంది. కాయగూరల్లో వాటి సొంత ఉప్పు ఎంత ఉంటుందో కూడా నాలిక్కి తెలిసొచ్చింది. ఆయనకి మాత్రం అలవాటు కాలేదు. ప్రతి పూటా తిట్టుకుంటూ తిన్నాడు. కంచం విసరడానికి మాత్రం సాకు లేదు. ఉప్పు తక్కువైందని ఎవరినని అంటాడు, డాక్టరునా? ఆ ఏడాది ఆవిడ హాయిగా నిద్రపోయింది.

కింద మిగిలిన నాలుగు పళ్ళ దగ్గరా చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలైంది ఆయనకి. పై వరస ఎప్పుడో పోయింది, కట్టుడు పళ్ళే. డాక్టరు నోరు తెరిపించి చూసి, "తిండి సరిగ్గా తినట్లేదు మీరు. సి విటమిన్ తీసుకోండి, రోజుకొకటి. ఏ రకమైనా ఫరవాలేదు," అన్నాడు. ఆ ఏ రకమైనా అన్న మాటే కొంప ముంచింది.

మందుల షాపాయన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఆవిడ అడగ్గానే బల్ల మీద నాలుగు రకాలు పేర్చాడు. నమిలే బిళ్ళలు, మింగే క్యాప్సూల్స్, నీళ్ళలో కలిపే పొడి, నీళ్ళలో వెయ్యగానే బుస్సున పొంగే బిళ్ళలు. "ఏదైనా ఒకటేనమ్మా, మీకేది వీలైతే అది," అన్నాడు. ఒకటే ఎలా అవుతుంది? ఆ నాలుగింటి ముందూ నిలబడి ఆవిడ నాలుగు రకాల తిట్లు విన్నది. నమిలేవి తీసుకెళ్తే, పళ్ళు లేనివాణ్ణి వెక్కిరిస్తున్నావా అంటాడు. క్యాప్సూల్ తీసుకెళ్తే, ఇప్పటికే గుప్పెడు మాత్రలు మింగుతున్నాను, గొంతుకి అడ్డం పడి చావాలా అంటాడు. పొడి అయితే ఇంకా నయం, చెంచా నిండా వేశానో తలగొట్టి వేశానో అని ఆఫీసు నుంచి తెచ్చుకున్న చిన్న త్రాసు బయటికి తీస్తాడు. తిట్టడానికి వీల్లేనిది ఒక్క పొంగే బిళ్ళే కనిపించింది. కమలాపండు వాసన కూడా వేస్తోంది. అదే తీసుకుంది.

ఆయన గ్లాసులో బిళ్ళ వేయించుకుని, పొంగు చల్లారే దాకా చూసి, గుటుక్కున తాగి, మూతి తుడుచుకున్నాడు. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"బావుంది," అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఆ నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదలు. ఆవిడకి సంతోషం వేసింది. ఇంత చిన్నదానికి సంతోషపడుతున్నందుకు సిగ్గు కూడా వేసింది గానీ, సంతోషమే ముందొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, చెయ్యాల్సిన పనేదో మరిచిపోయి, కాసేపు ఊరికే నిలబడింది.

బిళ్ళల డబ్బా ఆయన తలగడ పక్కకి చేరింది. నోటికి రుచి తెలిసేది ఇదొక్కటేనంటూ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో ఇంకోటి వేసుకునేవాడు. డాక్టరు ఒకటే అన్నారు కదండీ అంటే, "విటమినే కదా, విషమా?" అనేవాడు. ఆయన నాలిక సంగతి చెప్పాను కదా, రవ్వంత ఉప్పు కూడా పట్టేసే నాలిక. ఆ నాలిక దాన్ని పట్టేసింది, అందుకే కావాలి కావాలి అంది. పట్టిందేమిటో మనిషికి తెలియలేదు, అంతే తేడా.

కాళ్ళు వాయడం మొదలైంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. డాక్టరు మూత్ర పరీక్ష చేయించి, కాగితం చూసి, కళ్ళజోడు తీశాడు. "ఉప్పు తింటున్నారు మీరు."

"దేవుడి మీద ఒట్టండీ, ఏడాదిగా దాని మొహం చూడలేదు," అన్నాడు తక్కెడ గారు.

"మరి ఎక్కడి నుంచి వస్తోంది? ఎవరో వేస్తున్నారు." డాక్టరు ఆవిడ వైపు చూశాడు. మొగుడు కూడా చూశాడు. "విటమిన్ వేసుకుంటున్నారా?" అంటే వేసుకుంటున్నానన్నాడు. ఏ రకమని ఈయన అడగలేదు, పొంగే రకమని ఆయన చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఆయన అక్క పెట్టెతో సహా దిగింది. ఆవిడ ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైంది. భర్త పోయి చాలా కాలమైంది. తమ్ముడంటే ప్రాణం, అది మాత్రం నిజం. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈవిడ విషయంలో అర్ధం కాదు, మొగుడున్నర. రాగానే కొంగు దోపుకుని వంటిల్లు సోదా చేసింది. డబ్బాలన్నీ బోర్లించింది, పిండిలో చెయ్యి పెట్టి కెలికింది, పొయ్యి వెనక గోడ తడిమింది. వంటిల్లు అయ్యాక మరదలి బట్టల పెట్టె తెరిచి, ఒక్కొక్క చీరా దులిపింది. లోపలి బట్టలు కూడా దులిపింది. హాస్టల్లో పిల్లల పెట్టెలు వెతికిన చెయ్యి కదా, అలవాటు.

"నేను వెయ్యలేదు వదినా," అంది చప్పిడి, నేల మీద గుట్టపడ్డ బట్టలు చూస్తూ.

"ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదే. ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతావు."

ఏమీ దొరకలేదు. దొరకకపోవడమే పెద్ద సాక్ష్యమైంది. "చూశావట్రా, ఎంత తెలివిగా దాచిందో," అంది అక్క. తమ్ముడు తలాడించాడు. అప్పుడు వార్డెను తీర్పు చెప్పింది. పక్షం రోజుల్లో మళ్ళీ చూస్తానన్నాడు డాక్టరు, అప్పటిదాకా వంట తను చేస్తుంది. మరదలు పొయ్యి దగ్గరికి రాకూడదు. వాపు తగ్గిందా, ఉప్పు వేసింది ఎవరో తేలిపోయినట్టే.

"తగ్గితే మీ తమ్ముడింటికి పోతావు. ఈ గడప మళ్ళీ తొక్కవు," అన్నాడు తక్కెడ గారు. "ఇంకో మాట. ఉప్పు అన్న మాట నా ముందు నీ నోట రాకూడదు. వచ్చిందో, ఆ రోజే పంపించేస్తాను."

చప్పిడి తమ్ముడికి ఫోన్ చేసింది. సంగతంతా విన్నాడు. తరవాత, "రెండు గదులక్కా మావి," అన్నాడు తమ్ముడు. ఇంకేం మాట్లాడుతుంది, పెట్టేసింది. వయసు యాభై దాటింది, చేతిలో విద్య లేదు. ఉన్నదల్లా ఈ ఇంట్లో ఓ మూల చాపా, ఓ పూట చప్పిడి కూడూ. అది కూడా ఇప్పుడు ఓ మనిషి చీలమండ మీద ఆధారపడి ఉంది.

అక్కగారు వంట మొదలుపెట్టింది. ఆయన కోసం చప్పగా వండేది, తన కోసం సంచీలోంచి ఉప్పు పొట్లం తీసి గదిలో తన కంచంలో చల్లుకుని, మళ్ళీ సంచీలో పెట్టి తాళం వేసుకునేది. చప్పిడికి అంట్లు తోమడం ఒక్కటే మిగిలింది. మూడో రోజో నాలుగో రోజో, ఆయన గదిలో గ్లాసు తీసుకొచ్చి తొట్టి దగ్గర కూర్చుంది. అడుగున రెండు గుక్కల నారింజ రంగు నీళ్ళు మిగిలున్నాయి. పొద్దుట్నుంచి నోరు చేదుగా ఉంది. ఇంత బావుంది బావుంది అంటున్నాడు, ఏముందో ఇందులో అనుకుని ఎత్తి తాగింది. ఆ బిళ్ళ నీళ్ళు ఆవిడ నాలిక మీద పడటం అదే మొదటిసారి.

ముందు పులుపు తగిలింది, వెనకే తీపి. మింగాక, నాలిక పక్కన, మూడోది నిలబడింది. మరొకళ్ళకైతే తెలిసేది కాదు. ఏడాది పైగా ఉప్పు మొహం చూడని నాలిక అది. ముసుగేసుకుని వచ్చిన చుట్టాన్ని నడకని బట్టి గుర్తుపట్టినట్టు పట్టేసింది. మిగిలిన గుక్క కూడా తాగింది. ఉప్పే. అనుమానం లేదు.

చేతులు కడుక్కుని, పొద్దున ఆయన ఖాళీ చేసిన డబ్బా కొంగులో దాచుకుని, తిన్నగా మందుల షాపుకి వెళ్ళింది. షాపాయన డబ్బా తిప్పి, కళ్ళజోడు నొసటి మీదికి తోసి, చీమ తలకాయంత అక్షరాలు చదివాడు.

"సోడియం ఉందమ్మా. ఉండదూ మరి, పొంగాలంటే సోడా పడాలి కదా. ఏం, ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బా?"

"ఆయనకే."

"అయ్యో, ముందే చెప్పుంటే ఇచ్చేవాణ్ణి కాదు కదమ్మా. రోజుకెన్ని వేసుకుంటున్నారు?"

"నాలుగు. ఒక్కోసారి అయిదు."

ఆయన మొహం మాడిపోయింది. పొంగే బిళ్ళలు ఇక ముట్టుకోవద్దని చెప్పి, క్యాప్సూల్స్ అట్ట చేతిలో పెట్టాడు. "ఇందులో ఆ గొడవ లేదు. ఇవాళ్టి నుంచే మార్చెయ్యండి. పది రోజుల్లో వాపు దిగిపోతుంది చూడండి."

ఆవిడ ఇంటికి నడవలేదు, ఎగిరింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. ఏమండీ, నేను కాదండీ, ఇదిగోనండీ, ఈ డబ్బా మీదే రాసుంది చూడండి. చదివించి, ఆ అక్కగారి మొహం ఎలా ఉంటుందో చూడాలి. ఆయన క్షమాపణ చెప్పడు, అంత ఆశ లేదు. ఊ అంటాడు. ఆ ఊ చాలు.

గదిలో వార్డెను టేపు పెట్టి తమ్ముడి చీలమండ కొలుస్తోంది. "దిగుతోందిరా," అంటోంది, దిగకపోయినా.

"ఏమండీ," అంది చప్పిడి గుమ్మంలోంచే, ఆయాసపడుతూ. "ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది."

ఆయన మెల్లగా తల తిప్పాడు. "ఏమన్నావు?"

"అది కాదండీ, ఇందులో..."

"ఆ మాట ఎత్తొద్దన్నానా లేదా?"

"తనంతట తనే బయటపడుతోందిరా. నా వంటకి వాపు దిగేసరికి భయం పట్టుకుంది," అంది వార్డెను, టేపు చుట్టుకుంటూ.

ఆయన చెయ్యి చాపి ఆవిడ చేతిలో అట్ట లాక్కున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేంటి? నేను తాగేదేది?"

"అది వద్దండీ. అది..."

"నాకు నచ్చినది ఒక్కటంటే ఒక్కటి ఉంది ఈ కొంపలో. అది కూడా నా నోటికి అందకూడదు, అంతేగా?" అట్ట ఆవిడ మొహాన కొట్టాడు. అది చెంపకి తగిలి మంచం కిందకి పోయింది. "వెళ్ళి అదే పట్రా. నోరు తెరవకు. ఇంకొక్క మాట మాట్లాడితే ఇవాళే నీ తమ్ముడింటికి."

చప్పిడి అట్ట కోసం మంచం కిందకి వంగింది. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపితే, ఎదురుగా మంచం మీంచి వేలాడుతున్న ఆయన పాదాలు కనిపించాయి. మెరుస్తూ, బిగిసిపోయి, వేళ్ళ మధ్య సందు లేకుండా ఉబ్బిపోయి ఉన్నాయి. పది రోజుల్లో దిగిపోతుందన్న షాపాయన మాట గుర్తొచ్చింది. అప్పుడు తట్టింది ఆవిడకి. పది రోజుల్లో దిగిపోతే, ఎవరి వంటకి దిగినట్టు? వదిన వంటకి. ఉప్పు వేసింది ఎవరైనట్టు? తను. ఈ మందు మార్చి ఆయన్ని బతికిస్తే, ఆ బతికినవాడే తనని వీధిలోకి గెంటుతాడు. చెబుదామంటే చెప్పనివ్వడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మంచం కింద ఎంతసేపుందో తెలియదు. "అక్కడే కాపురం పెట్టావా?" అని పైనుంచి వినిపించింది. అట్ట బొడ్లో దోపుకుని లేచింది. మొహాన ఏ భావమూ లేదు. "తెస్తానండీ," అంది.

షాపాయన మళ్ళీ ఆవిణ్ణి చూసి ఆశ్చర్యపోయాడు. "ఆయనకి కాదు. నాకు. ఈ మధ్య నీరసంగా ఉంటోంది," అంది.

"మీకైతే ఫరవాలేదమ్మా. చిన్న డబ్బానా, పెద్దదా?"

"పెద్దది."

ఆ రోజు నుంచి గ్లాసు ఆవిడే కలిపింది. ఇదివరకు ఆయన తనే వేసుకునేవాడు, ఇప్పుడు అడక్కముందే తెచ్చి అందించేది. ఒకటి కాదు, రెండేసి. పొంగు అంచు దాటి చేతి మీద పడేది. ఎదురుచెప్పదు, వారించదు, ఒకటే అన్నారు కదండీ అనదు. ఇన్నాళ్ళూ ఆయన కోరింది సరిగ్గా ఇలాంటి పెళ్ళాన్నే. "ఇప్పుడు దారికొచ్చావు," అన్నాడు ఓ సాయంత్రం, గ్లాసు తిరిగిస్తూ. ఆవిడకి ఈసారి సంతోషం వెయ్యలేదు. భయం వేసింది, తరవాత అది కూడా తగ్గింది.

వాపు పిక్కలకెక్కింది, తరవాత మోకాళ్ళకి. వార్డెను టేపు పెట్టిన ప్రతిసారీ మొహంలో నెత్తురు ఇంకిపోయేది. గిన్నెలు రెండేసి సార్లు కడిగింది. కాయగూరలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నానబెట్టింది. తన ఉప్పు పొట్లం తనే చెత్తలో పారేసింది. మరదలే దొంగచాటుగా వచ్చి వేస్తోందని వంటింటికి తాళం బిగించి, తాళంచెవి నడుముకి కట్టుకుంది. పడుకున్నప్పుడు కూడా విప్పలేదు. పాపం, తన గొయ్యికి తనే గట్లు కట్టుకుంది. ఆ తాళం చూసి చప్పిడి లోపల చాలా రోజుల తరవాత మళ్ళీ నవ్వుకుంది.

డాక్టరు చెప్పిన రోజు వచ్చేసరికి తక్కెడ గారు వెల్లకిలా పడుకోలేకపోతున్నాడు. నాలుగు తలగడలు పెట్టి కూర్చోబెట్టారు. నడవలేడని డాక్టరే ఇంటికొచ్చాడు. చూసి, కొత్త పరీక్ష కాగితం తిరగేసి, కోపం ఆపుకోలేకపోయాడు.

"ఇదివరకటి కంటే రెట్టింపు ఉంది ఉప్పు. వంట ఎవరు చేస్తున్నారు?"

వార్డెను నడుముకి వేలాడుతున్న తాళంచెవిని చేత్తో కప్పుకుంది.

"వంటింట్లోకి నన్ను రానివ్వరండీ. తాళం వదిన దగ్గరే ఉంటుంది," అంది చప్పిడి, మెల్లగా, మర్యాదగా.

తక్కెడ గారు అక్క వైపు చూశాడు. బజారులో తప్పుడు రాయి దొరికినప్పుడు వ్యాపారిని చూసే చూపు అది. ఆ చూపు అంతవరకూ అక్క మీద పడలేదు. "నువ్వు కూడానా అక్కా?" అన్నాడు, మాటకీ మాటకీ ఊపిరి తీసుకుంటూ.

"ఒరేయ్, ఒట్టురా, రవ్వ కూడా..."

"తాళంచెవి దానికిచ్చెయ్యి. వంటిల్లు దాటి రాకు ఇటు. నీ మొహం నాకు చూపించకు." తరవాత పెళ్ళాం వైపు తిరిగాడు. "నీ చేతి కూడే నయమే. నువ్వే వండు."

వార్డెను తాళంచెవి విప్పలేక, ముడి పడిపోతే, ఏడుస్తూ బొందు తెంపి ఇచ్చింది. రేపు పొద్దున పెద్దాసుపత్రికి తీసుకురమ్మని, అంతవరకూ చప్పిడి తప్ప ఇంకేమీ పెట్టొద్దని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు.

గెలిచింది చప్పిడి. ఇల్లు తనది, వంటిల్లు తనది, మాట తనది. ఇంక ఆవిణ్ణి ఎవరూ ఎక్కడికీ పంపించరు. క్యాప్సూల్స్ అట్ట ఇంకా బొడ్లోనే ఉంది, చెమటకి మెత్తబడి. పొంగే బిళ్ళల డబ్బా బల్ల మీద ఉంది. ఇప్పుడు ఆయన వింటాడు కూడా. ఏం చెప్పినా వింటాడు. ఎదురుగా తలగడల మీద ఆయన నోరు తెరుచుకుని ఊపిరి లాగుతున్నాడు. కళ్ళల్లో భయం ఉంది. ఆ కళ్ళు తన వంకే, తీర్పు కోసం చూస్తున్నట్టు చూస్తున్నాయి.

"చప్పిడీ," అన్నాడు. "నోరంతా చేదుగా ఉందే. అది కలుపు."

ఆవిడ కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడింది. గోడ వంక చూసింది. ఎన్ని సున్నాలు వేసినా ఆ చోటెక్కడో ఆవిడకి తెలుసు.

"రెండు వెయ్యనా, మూడు వెయ్యనా?" అంది.

మూడు వెయ్యమన్నాడు. వేసింది.

మర్నాడు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడి నుంచి ఆయన తిరిగి రాలేదు. అక్కని గదిలోకి రానివ్వొద్దని నర్సుకి చెప్పి మరీ పోయాడు.

అన్నీ అయిపోయి, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, వార్డెను వంటింటి గుమ్మం బయట గోడకి చేరగిలబడి కూర్చుంది. రెండు వారాల్లో మనిషి సగమైపోయింది. "నా చేతులతోనే చంపుకున్నానే వాణ్ణి," అంది, నూరోసారి. "ఎక్కడ పడిందే ఉప్పు? కడిగాను, పారబోశాను, తాళం వేశాను. ఎక్కడ పడింది?"

"ఊరుకోండి వదినా. తెలిసి చేశారా ఏంటి? ఉండండి, పొద్దుట్నుంచి ఏమీ తాగలేదు," అంది చప్పిడి. లోపలికెళ్ళి, డబ్బాలో మిగిలిన ఆఖరి బిళ్ళ గ్లాసులో వేసి, పొంగు చల్లారే దాకా ఆగి, తెచ్చి ఇచ్చింది.

వార్డెను రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. "వాడికిదంటే ఎంతిష్టమో," అని ఏడ్చింది. ఓ గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. చప్పిడి ఆ మొహం వంకే చూస్తూ నిలబడింది.

"ఎలా ఉంది వదినా?"

"తియ్యగా ఉందే. కాస్త పుల్లగా."

"ఇంకేం తగల్లేదా?"

"ఇంకేముంటుంది ఇందులో?" అంది వార్డెను, కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఖాళీ గ్లాసు తిరిగిస్తూ.

చప్పిడి గ్లాసు కడిగి బోర్లించింది. పొయ్యి మీద కూర ఉడుకుతోంది. కొత్త పొట్లం చింపి ఉప్పు వేసి, కలిపి, కాస్త అరచేతిలో వేసుకుని నాకి చూసింది. చాలలేదు. ఇంకాస్త వేసింది.